నేను విచ్చేశాను

కాగితం మీద నాలుగు అక్షరాలు కనబడితే చాలు, పెసమీనో మాస్టారు వాటిని దొంగను పట్టుకున్న తలారిలా నిలబెట్టి అడిగేవారు: "ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ఆ మాటే ఎందుకన్నారు?" అది నూరేళ్ళ నాటి దొరల ఉత్తరువా, నిన్నటి సబ్బు కాగితమా అన్న భేదం ఆయనకు లేదు. ఫలెతాయి ఊళ్ళో ఈ సంగతి తెలియని కుక్క కూడా లేదు. కుక్క అన్న మాట ఊరికే అనడం కాదు. 'కుక్క ఉంది, జాగ్రత్త' అని పాస్టరుగారు గేటుకు చెక్క తగిలిస్తే, మాస్టారు దాని ముందు ఆగిపోయారు. "కుక్క ఉందన్నది కబురు. జాగ్రత్త అన్నది సలహా. ఈ సలహా దొంగకా, భక్తుడికా? దొంగకైతే వాడి మేలు మనకెందుకు? భక్తుడికైతే అసలు కుక్కెందుకు?" అని తర్కించుకుంటూ ఉండగానే కుక్క వచ్చి పిక్క పట్టుకుంది. కట్టు కట్టించుకుంటూ ఆయన అన్న మాట ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు. "చెక్క మీద అబద్ధమైతే లేదు."

ఇంట్లోనూ ఇదే వరస. భార్య లూసియా చర్చి పనికి వెళుతూ 'పొయ్యిలో చేమదుంపలు ఉన్నాయి' అని పలక మీద రాసి పోయింది. తిరిగొచ్చేసరికి దుంపలు బొగ్గులయ్యాయి. మాస్టారు పలక ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"నేను రాసింది చదవలేదా?" అంది లూసియా.

"చదివాను. ఉన్నాయి అన్నావు. తియ్యి అనలేదు. ఇది వార్తా, ఆజ్ఞా అని చూస్తున్నాను."

"తేలిందా?"

"తేలింది. వార్త వేషంలో ఉన్న ఆజ్ఞ."

"అయితే దుంపల వేషంలో ఉన్న బొగ్గులు తినండి."

ఇలాంటివి, సభల్లో ఊరి తరఫున మాట్లాడే పెద్దవక్త సంగపోలుకు కొల్లలుగా తెలుసు. ఏ సభలోనైనా ఊరి ఘనత చెప్పేటప్పుడు ఆయన ఇవి కూడా కలిపి చెబుతాడు. సంగపోలు ఘనత చెప్పడం మొదలుపెడితే పక్కవాళ్ళు కాళ్ళు సర్దుకుని కూర్చుంటారు, తొందరగా అయ్యేది కాదని. సవాయీ దీవి ఉత్తరపు ఒడ్డున మొదటి సిమెంటు నీళ్ళతొట్టి కట్టింది ఫలెతాయి. మొదటి నర్సును పంపింది ఫలెతాయి. పడవల పోటీలో వరసగా గెలిచి, ఇంక మీరు రావద్దు బాబూ అనిపించుకున్నది ఫలెతాయి. తుఫానుకు బడి పైకప్పు ఎగిరి సముద్రంలో పడితే, ఈదుకుంటూ వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చిన వాళ్ళలో ముందున్నది సంగపోలే. ఆయన ఆ బడిలోనే చదివాడు. రాజధాని ఉన్న అవతలి దీవి బడి గడప తొక్కలేదు. తొక్కకుండానే ముగ్గురు మంత్రుల ముందు కర్ర పట్టుకుని నిలబడి, నోరు తడబడకుండా మాట్లాడాడు. ఆ మంత్రుల్లో ఒకాయన తడబడ్డాడు కూడా.

ఆ జాబితాలో పెసమీనో మాస్టారి చోటు కొంచెం చిక్కైనది. మాస్టారు అవతలి దీవి మనిషి. చరిత్ర చెప్పడానికి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉండిపోయారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయన పెళ్ళి చేసుకున్న లూసియా పక్కూరు ఫంగవై ఆడపడుచు. ఫంగవై అంటే ఫలెతాయికి చేపముల్లు గొంతులో పడ్డట్టు. అంచేత మాస్టారు మంచి పని చేస్తే 'మా మాస్టారు' అనీ, తిక్క పని చేస్తే 'ఫంగవై అల్లుడు' అనీ అనడం ఊరికి అలవాటైంది.

ఆయన పాఠం చెప్పే తీరు చూడాలంటే కిటికీ దగ్గర నిలబడాలి. సంగపోలు చాలాసార్లు నిలబడ్డాడు, పైకప్పు ఎలా ఉందో చూడ్డానికి వచ్చినట్టు. పాత దొరతనం నాటి ఉత్తరువులు, ఓడ కెప్టెన్ల రోజువారీ రాతలు, మిషనరీలు ఇళ్ళకు రాసుకున్న ఉత్తరాలు, వీటి నకళ్ళు ఆయన దగ్గర పెట్టెలకొద్దీ ఉండేవి. ఏదీ కూర్చుని చదవనిచ్చేవారు కాదు. చీపురుకర్ర ఒకటి చేతికిచ్చి, కొబ్బరిపీచు కుంచె ఒకటి భుజాన వేసి, అచ్చం వక్తను నిలబెట్టినట్టు నిలబెట్టేవారు.

"మన దగ్గర మాట ఎక్కడ పుడుతుంది రా?"

"నిలబడ్డ మనిషి నోట్లో, సార్."

"అయితే ఈ కాగితాన్నీ నిలబెట్టు. నువ్వు గవర్నరువి. వీళ్ళు ఊళ్ళో పెద్దలు. చదువు."

"'మీ మేలు కోరి ఈ ఆజ్ఞ జారీ చేస్తున్నాము. ఇకమీదట మీరు అనుమతి లేనిదే ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పోరాదు...'"

"ఆగు. మేలు ఎక్కడుంది?"

"మొదట్లో ఉంది సార్."

"చివరికి ఎవరి దగ్గర మిగిలింది?"

పిల్లలు కాగితమంతా వెతికి, "గవర్నరు దగ్గరే సార్" అనేవారు. మాస్టారి మొహం వెలిగిపోయేది. తేదీలు చెప్పలేని పిల్లవాడిని కూడా ఏమీ అనేవారు కాదు గానీ, ఉత్తరువు గొంతు పట్టుకోలేని వాడి వంక మాత్రం జాలిగా చూసేవారు.

ఈ చదువు పిల్లల ఒంటికి పట్టింది. పై తరగతి కుర్రాడొకడు ఒక పిల్లకు రాసిన ప్రేమలేఖ పుస్తకంలోంచి జారి, మాస్టారి కాళ్ళ దగ్గర పడింది. పేర్లు చెప్పకుండా దాన్ని కూడా పాఠం చేశారు. "ఇందులో 'నేను' అన్నది ఇసకలా ఉంది. 'నువ్వు' అన్నది ముత్యంలా ఎక్కడో ఒకటి. ఎవరిని ప్రేమిస్తున్నాడు ఇతను?" తరగతంతా ముక్తకంఠంతో, "తననే సార్" అంది. ఆ పిల్ల కూడా అంది. ఆ కుర్రాడు కూడా అన్నాడు, ఇంకేం చేస్తాడు. ఆ పిల్ల ఇప్పుడు ఆక్లండులో నర్సు. సంగపోలు జాబితాలో ఆమె కూడా ఉంది.

చదువుల శాఖ నుంచి తనిఖీకి వచ్చినాయన వెళుతూ వెళుతూ, 'పిల్లలు ఎంతో ఉత్సాహంగా ఉన్నారు' అని రాసి సంతకం పెట్టాడు. మాస్టారు మర్నాడే దాన్ని నల్లబల్ల మీద ఎక్కించారు. "ఉత్సాహంగా అన్నారు. చదువుతున్నారు అనలేదు. ఎందుకనలేదు?"

వెనక బల్ల మీంచి జవాబొచ్చింది. "భోజనం ఆలస్యమైంది సార్, అందుకు."

ఆ సంవత్సరం బడికి నూరేళ్ళు నిండాయి. అసలు కథ ఇక్కడుంది.

ఆ బడి ఉన్న నేల సంగపోలు తాతగారు ఇచ్చింది. తాతగారి పేరూ సంగపోలే. ఆ ఇంట్లో పేరు పదవితో పాటు వస్తుంది. నేల ఇచ్చిన రోజున తాతగారు దొర ముందు నిలబడి చేసిన ప్రసంగాన్ని ఊళ్ళోవాళ్ళే ఎవరో అప్పటికప్పుడు రాసి పెట్టారు. ఆ కాగితం అద్దాల చట్రంలో పెద్దయ్యవారి గదిలో వేలాడుతూ ఉంటుంది. ప్రతి ఏడూ బడి తెరిచే రోజున సంగపోలు దాన్ని గట్టిగా చదువుతాడు. జనం తలలు వంచుకుని వింటారు. నూరేళ్ళ వేడుక అనుకోగానే ఆయన చేసిన మొదటి పని, ఆ ప్రసంగాన్ని ఆహ్వానపత్రిక మీద అచ్చు వేయించి, దీవిలోని ఊళ్ళన్నిటికీ పంచిపెట్టడం. ఫంగవైకి రెండు కట్టలు ఎక్కువే పంపాడు.

ఫంగవైకి పంపడంలో చురక ఉంది. అక్కడి వక్త మౌలోలోకూ సంగపోలుకూ పాత లెక్క. ఫంగవై చర్చి ప్రతిష్ఠ రోజున మౌలోలో నిండు సభలో పెద్దల పేర్లు చదువుతూ, తమ్ముడి పేరు ముందు చెప్పి అన్న పేరు తర్వాత చెప్పాడు. సంగపోలు లేచి ఆపాడు. ఆ దీవుల్లో వక్త నోట ఒక్క మర్యాద మాట తప్పినా ఎదుటి ఊరి వక్త ఆపవచ్చు. ఆగిన వాడు బదులు చెప్పలేకపోతే కర్ర కింద పెట్టి కూర్చోవాలి. ఆ రోజుకు ఆ ఊరికి నోరు లేనట్టే. మౌలోలో ఆ రోజు కర్ర కింద పెట్టి, పైకి నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు సంగపోలు మర్చిపోలేదు. మౌలోలో అసలే మర్చిపోలేదు.

వేడుక ఇంకా రెండు వారాలుందనగా పెసమీనో మాస్టారు ఆ ఆహ్వానపత్రికే తెచ్చి తరగతిలో పంచారు. నిలబడి చదవమని పిలిచింది పెనినాను. పెనినా సంగపోలు మనవరాలు. పదహారేళ్ళ పిల్ల. గొంతు తాతది, మొండితనం ఎవరిదో తెలియదు.

పెనినా చీపురుకర్ర ఆనించి, పుట్టినప్పటి నుంచీ విన్న ఆ మాటల్ని తాత రాగంలోనే అందుకుంది. "'దొరా, మీరు మా ఊరికి వచ్చారు. నేనూ ఇక్కడికి విచ్చేశాను. నేను ఆరగించే చేమ పండే నేల ఇది. దీన్ని మా పిల్లల చదువుకు ఇస్తున్నానని నేను సెలవిస్తున్నాను...'"

అక్కడ ఆగిపోయింది. ఇంకోసారి మనసులో చదువుకుంది.

"ఏమమ్మా?" అన్నారు మాస్టారు.

"సార్, తన గురించి తను విచ్చేశాను అంటారా ఎవరైనా?"

వెనక బల్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. "నేను ఆరగిస్తాను, నేను సెలవిస్తాను" అని ఇంకొకడు మీసం లేని చోట మీసం దువ్వాడు. అంతే, తరగతి గొల్లుమంది. పెనినా మొహం కందగడ్డ అయింది.

మాస్టారు కర్రతో బల్ల మీద కొట్టారు. "నవ్వడం తేలిక. దొరను వచ్చారు అన్నాడు, తనను విచ్చేశాను అన్నాడు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఆ మాటే ఎందుకన్నారు? శుక్రవారానికి జవాబు కావాలి. పెనినా, ముందు నువ్వు."

శుక్రవారం దాకా ఊరు ఆగుతుందా? సాయంత్రం ప్రార్థన గంట కొట్టేలోపే కబురు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. పోతూ పోతూ పెరిగింది. సంగపోలు తాతకు మాట్లాడ్డం రాదుట అన్నారు ఒకరు. ఆ కాగితమే దొంగదిట అన్నారు ఇంకొకరు. నేల కూడా ఆయనది కాదుటగా అంది నీళ్ళతొట్టి దగ్గర ఒకావిడ, ఆ తొట్టి ఎవరి ఘనతో కూడా చూడకుండా.

సంగపోలు కర్ర పట్టుకుని నేరుగా మాస్టారి ఇంటికి వచ్చాడు. చాప వేస్తే కూర్చోలేదు.

"మాస్టారూ, మీకు మేమేం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ చేయలేదు, పెద్దాయనా."

"పెట్టెలకొద్దీ కాగితాలున్నాయి గదా మీ దగ్గర. దొరలవి, ఓడలవి. వాటిని చీల్చి చెండాడండి, మేమూ సంతోషిస్తాం. మా తాత మాటే దొరికిందా, అదీ మా పిల్ల చేతికిచ్చి?"

"మంచి కాగితం అది. చాలా మంచి కాగితం."

"మంచిదైతే పిల్లలెందుకు నవ్వారు?"

"ఇంకా జవాబు దొరకలేదు గనక."

"జవాబు నాకు తెలుసు. మీరు ఫంగవై అల్లుడు. అదే జవాబు."

లోపల చేపలు కడుగుతున్న లూసియా చేతులు ఆగాయి. మాస్టారు భార్య వంక చూశారు. ఏ మాటనూ ఊరికే పోనివ్వని మనిషి ఆ ఒక్క మాటను మాత్రం ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడగలేదు. సంగపోలుకు ఇది వింతగానే తోచింది. కానీ కోపంలో ఉన్నాడు కనక పట్టించుకోలేదు.

మర్నాడు ఊరి సభ కూడింది. తాతల మాట నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు మాస్టారు ఈనబోయే పందినొకదాన్ని, ఒక పెట్టె చేపల డబ్బాలను ఊరికి సమర్పించుకోవాలని తీర్పయింది. కార్యదర్శి తీర్పు చదివి వినిపిస్తే మాస్టారు చేయి ఎత్తారు.

"ఇందులో 'ఊరి మనసు నొచ్చింది' అని ఉంది. ఊరికి ఒకటే మనసా?"

"ఇంకో పంది తోలుకొస్తారా మాస్టారూ?" అన్నాడు కార్యదర్శి.

"అక్కర్లేదు. అర్థమైంది."

పంది సాయంత్రానికల్లా వచ్చింది. లూసియా దాన్ని తానే తోలుకొచ్చి సభ ఇంటి ముందు కట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. సంగపోలు దండుగ గెలిచాడు. కానీ గెలిచినట్టు లేదు. ఊళ్ళోవాళ్ళ నవ్వయితే ఆగింది, చట్రంలో కాగితం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు దాన్ని ఎప్పుడు చూసినా 'విచ్చేశాను' అన్న మాటే మేకులా కనబడుతోంది. ఇన్నేళ్ళూ తనకు తాత వినిపించాడు గానీ, ఆ 'నేను' వినబడలేదు. తనకు కనబడకపోతే ఏం, మౌలోలోకు కళ్ళు లేవా? ఆ మాటను అచ్చు వేయించి, రెండు కట్టలు ఎక్కువ వేసి, అతని ఇంటికి పంపింది ఎవరు? సంగపోలుకు ముద్ద దిగలేదు. వేడుకలో మౌలోలో లేచి, "తన గురించి తాను ఇలా చెప్పుకున్న మనిషి వక్తా, పొగరుబోతా?" అంటే ఏం చెప్పాలి? తాత పొగరుబోతు అనాలా? కాగితం దొంగది అనాలా? ఎటు చెప్పినా కర్ర కింద పెట్టవలసిందే, నూరేళ్ళ వేడుకలో, సొంత బడి ముంగిట్లో.

పెనినా కూడా తిండి మానేసింది. ఆ పిల్లది వేరే బాధ. దండుగ పడినా పాఠం పాఠమేనని మాస్టారు అన్నారు, శుక్రవారం దగ్గర పడుతోంది, జవాబు లేదు.

అలాంటి మధ్యాహ్నం ఒకనాడు సంగపోలు మనవరాల్ని పిలిచాడు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. మహిళల సంఘానికి కబురు పంపాలి. "నేను చెప్పింది చెప్పినట్టు రాయి. 'సంగపోలు అనే నేను శనివారం మీ దగ్గరికి వస్తాను. మీతో పాటే తింటాను. వేడుక గురించి నాలుగు మాటలు చెబుతాను.' రాశావా? చదువు."

పెనినా చదివింది. "'సంగపోలు అనే నేను శనివారం మీ దగ్గరికి విచ్చేస్తాను. మీతో పాటే ఆరగిస్తాను. వేడుక గురించి నాలుగు మాటలు సెలవిస్తాను.'"

"నేను అలా అన్నానా?"

"అనలేదు."

"మరి?"

"చెయ్యి రాలేదు తాతయ్యా. మీ పేరు పక్కన 'తింటాను' అని ఎలా రాయను? పాస్టరమ్మగారు చదువుతారు. ఈ పిల్లకు ఇంట్లో మర్యాద నేర్పలేదు కాబోలు అనుకోరూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెనినా తన రాత వంక ఇంకోసారి చూసుకుంది. తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బడికేసి పరుగెత్తింది. ఆ రోజు శుక్రవారం కూడా కాదు. సంగపోలు ఒక్కడూ చాప మీద కూర్చుని, ముందు చిన్నగా, తర్వాత పొట్ట అదిరేటట్టు నవ్వాడు. ఆ గొడవ మొదలయ్యాక మొదటిసారి ఆకలి వేసింది.

నూరేళ్ళ వేడుక రోజు ఎండ బాగా కాసింది. బడి ముంగిట ఒక వరసలో మంత్రిగారు, పాస్టర్లు. ఎదురుగా దీవిలోని ఊళ్ళ పెద్దలు. సంగపోలు కర్ర ఆనించి, కుంచె భుజాన వేసుకుని, ఘనతలన్నీ వరసగా చెప్పాడు. నీళ్ళతొట్టి, నర్సు, పడవలు, పైకప్పు. చెప్పి, తాతగారి ప్రసంగం అందుకున్నాడు. 'నేనూ ఇక్కడికి విచ్చేశాను' అన్నాడో లేదో, ఫంగవై వరసలోంచి మౌలోలో లేచాడు. చర్చి ప్రతిష్ఠ నాటి ఆ నవ్వే మొహాన ఉంది.

"అన్నగారు మన్నించాలి. నా చెవి సరిగా లేదేమో. విచ్చేశాను అన్నది దొర గురించా, తమ తాతగారి గురించా?"

"మా తాత గురించి, తమ్ముడూ."

"అన్నది?"

"మా తాతే."

"ఓహో. మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తన గురించి తాను అలా అనకూడదని నేర్పుతాం. ఫలెతాయి ఆచారం వేరేమో."

ఫంగవై వరస ముసిముసిగా నవ్వింది. మంత్రిగారు చెమట తుడుచుకున్నారు.

సంగపోలు తొందరపడలేదు. కుంచెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. మా బడి పిల్లలు దీన్ని రెండు వారాల కిందటే వేశారు. మీ ఊరికి ఇప్పుడు చేరింది. దూరం గదా." ఈసారి నవ్వింది ఇటు వరస. "మా తాత వచ్చాను అన్నాడు. తింటాను అన్నాడు. చెబుతున్నాను అన్నాడు. మట్టిలో కాళ్ళు పెట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకేమంటాడు? కానీ పక్కన కూర్చుని రాసినవాడు ఈ ఊరివాడు. అన్నం పెట్టే చేతి పక్కన 'తింటాను' అని రాయడానికి వాడి చెయ్యి రాలేదు. దొర పక్కన 'వచ్చారు' అని రాయడానికి ఏమీ ఇబ్బంది పడలేదు, అది కూడా చూడండి. ఇక మా తాత అణకువకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఎంత చిన్న మాట అన్నా జనం పెద్దది చేసి రాసుకున్నారు." కొంచెం ఆగాడు. "మీ తాతగారి మాటలు కూడా రాసి ఉంచారు గదూ తమ్ముడూ. అన్నవి అన్నట్టే రాశారా?"

ఔనంటే తమ తాతను ఊరు గౌరవించనట్టు, కాదంటే సంగపోలు మాటే నిజమైనట్టు. మౌలోలో కర్ర కింద పెట్టి, సభ సంగతి తెలిసినవాడు కనక, అందరికన్నా ముందు తానే చప్పట్లు కొట్టాడు.

కాల్చిన రాళ్ళ మీద పందుల్ని ఉడికించి, పైన కప్పిన ఆకులు తీస్తున్న వేళ, సంగపోలు చెట్టు నీడన కూర్చుని అభినందనలు అందుకుంటున్నాడు. జాబితాకు ఇంకొకటి కలిసిందని లోలోపల మురిసిపోతున్నాడు. ఫంగవై బస్సు నడిపే సెఫో వచ్చి పలకరించాడు. లూసియా తమ్ముడు. బస్సులో జనం ఎక్కేదాకా కబుర్లు చెప్పడం అతని వృత్తిధర్మం.

"బాగా కొట్టారు పెద్దాయనా. మా బావకు ఇప్పుడు నిద్ర పడుతుంది."

"మీ బావకు ఏమైంది?"

"అదేమిటి, మీకు తెలియదా? ఆ కార్డులు వచ్చిన వారమే మౌలోలో నా బస్సులో కూర్చుని కార్డు చదువుకుంటున్నాడు. మా బావ సంగతి తెలుసుగా, పక్కవాడి చేతిలో కాగితముంటే మెడ దానంతట అదే సాగుతుంది. మౌలోలో ఒక మాట దగ్గర గోరుతో గీత గీసి నవ్వుకున్నాడు. మా బావ దిగవలసిన చోట దిగలేదు. సముద్రం ఒడ్డున ఆఖరి స్టాపు దాకా వచ్చి, నడిచి వెనక్కి పోయాడు."

సంగపోలు చేతిలో కొబ్బరిబొండం అలాగే ఉండిపోయింది. "మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మా అక్కా అదే అంది. దానికాయన, 'ఫంగవై అల్లుడు వచ్చి మీ తాత మాటలో తప్పుంది అంటే ఆయనకు ఎలా ఉంటుంది? మనవరాలు అడిగిందనుకో, ఇంటి మాట ఇంట్లో ఉంటుంది. జవాబు కూడా ఆ ఇంట్లోనే ఉంది, వాళ్ళే వెతుక్కుంటారు' అన్నాడుట. మా అక్కకు మాత్రం ఆ పంది అంటే ప్రాణం పెద్దాయనా. ఇంకో వారంలో ఈనేది."

సంగపోలు బొండం కింద పెట్టి, జనంలో మాస్టారి కోసం వెతికాడు.

భోజనాల ముందు పంపకం మొదలైంది. పందిలో ఏ భాగం ఏ హోదాకో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికి ఏది వెళుతుందో గట్టిగా పిలిచి చెప్పాలి. వీపు మాంసం పెద్దలకు వెళ్ళింది. వక్తకు దక్కే తొడ సంగపోలు ముందుకు వచ్చింది. ఆయన దాన్ని చేత్తో ఆపి, పిలుపు చెప్పే కుర్రవాడి చెవిలో ఏదో అన్నాడు. వాడు నమ్మలేనట్టు చూశాడు. "చెప్పరా" అన్నాడు సంగపోలు.

"వక్తగారి తొడ," అని వాడు ఎలుగెత్తాడు, "పెసమీనో మాస్టారికి."

వంటల దగ్గర నీళ్ళు మోస్తున్న మాస్టారు, ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు. పిల్లలు ఆయన్ని చెయ్యి పట్టుకుని ముంగిట్లోకి లాక్కొచ్చారు. తొడ అందుకున్నవాడు లేచి బదులు పలకాలి, అది పద్ధతి. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరినీ నిలబెట్టిన మనిషి. తాను మాత్రం ఒక్కసారీ నిలబడలేదు. సంగపోలు తన కర్ర తీసి ఆయన చేతిలో పెట్టాడు. మాస్టారు దాన్ని రెండు చేతులా చీపురుకర్రలా పట్టుకున్నారు.

"పెద్దలారా," అన్నారు మాస్టారు. "ఈ ఊరికి... ఇరవై ఏళ్ళ కిందట... నేను... నేను విచ్చేశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఫలెతాయి, ఫంగవై, మంత్రిగారు, పాస్టర్లు, అంతా ఒక్కసారిగా విరగబడి నవ్వారు. లూసియా కొంగు నోట్లో కుక్కుకుంది. మౌలోలో కళ్ళు తుడుచుకుంటున్నాడు. బడి తరఫున అన్నీ రాసుకుంటున్న పెనినా కలం ఆపి, తాత వంక చూసింది.

"పెనినా, అది కొట్టెయ్యమ్మా. వచ్చాను. వచ్చాను అని రాయి," అన్నారు మాస్టారు చెమటలు కక్కుతూ.

సంగపోలు లేచి నిలబడ్డాడు. "కొట్టెయ్యకు. ఆయన అన్నది అన్నట్టే ఉంచు. ఇంకో నూరేళ్ళకు మన బడి పిల్లలు దీన్ని చదివి, పాపం ఇంత మంచివాడి నోట ఇంత పెద్ద మాట ఎలా వచ్చిందా అని తలలు బద్దలుకొట్టుకుని, చివరికి, రాసినవాళ్ళ చెయ్యి రాలేదు కాబోలు అని తేల్చుకుంటారు. తేల్చుకోనీ." అని, కుంచె భుజాన సర్దుకుని, మాస్టారి ముందు తానే చాప పరిచాడు.